యుద్ధ దినములలో మధ్యాహ్న సంగీతము – పియానో విద్వాంసురాలు మైరా హెస్ చరిత్ర

శతాబ్ది సంచికలలో సాధారణముగా మన పితరులను గూర్చియు, మనకు సువార్త తెచ్చిన మిషనెరీలను గూర్చియు వ్రాయుదుము. అది యుక్తమే. అయితే ఈ కొద్ది పుటలలో నేను మన సంఘమునకు గాని, మన దేశమునకు గాని, మన మతమునకు గాని చెందని యొక స్త్రీ చరిత్రను వ్రాయదలచితిని. ఆమె పేరు మైరా హెస్. ఆమె ఇంగ్లండు దేశపు యూదురాలు. సభలలో పియానో వాయించుట ఆమె వృత్తి. ఇట్టి స్త్రీకిని మనకును ఏమి సంబంధమని మీరడుగవచ్చును. యేసు నామమును స్తుతించు ఒక పాత కీర్తన దేశదేశములలో పియానోలపై వినబడుటకు ఈమెయే ముఖ్య కారకురాలు. మరియు శత్రువు తన పట్టణముపై బాంబులు కురిపించుచుండగా, ఆ శత్రు దేశములో పుట్టిన సంగీతమునే తన ప్రజల ఓదార్పు కొరకు వాయించిన ధైర్యవంతురాలు. ఈ రెండవ సంగతియే ఈ వ్యాసమునకు ముఖ్యాంశము.

పియానో పని

మన ఆలయములలో హార్మోనియము వాయించువారు చాలమంది కలరు. పియానో కూడ మెట్లతో వాయించు వాద్యమే గాని దాని పని వేరు. హార్మోనియములో తిత్తి నుండి వచ్చు గాలి లోహపు నాలుకలను కదిలించి నాదము పుట్టించును. పియానోలో మెట్టును నొక్కగానే లోపల మెత్తని ఉన్ని తొడుగు గల చిన్న సుత్తి యొకటి లేచి, ఉక్కు తీగెను కొట్టి వెనుకకు పోవును. నేటి పియానోలో ఇట్టి మెట్లు 88 ఉండును. హార్మోనియములో గాలి యున్నంతసేపు నాదము నిలుచును. పియానోలో సుత్తి తగిలిన క్షణము నుండియే నాదము క్షీణించుచుండును. కాబట్టి క్షీణించు నాదములను ఒకదానితో నొకటి చేర్చి పాటవలె వినిపించుట మిగుల కష్టమైన విద్య. విద్వాంసుని నేర్పంతయు వ్రేలి స్పర్శలో నున్నది.

మరియొక భేదము కూడ కలదు. మన సంగీత విద్వాంసుడు సభలో కూర్చుండి తన మనోధర్మమును బట్టి రాగమును విస్తరించును. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమునందు గ్రంథకర్త కాగితముపై వ్రాసి యిచ్చిన స్వరములనే విద్వాంసుడు వాయింపవలెను. వ్రాసినది మార్చకుండ, అయినను అది ఆ క్షణముననే పుట్టినట్లు వినిపింపవలెను. వాక్యమును చదువు పాఠకుని పని వంటిదే ఇది. మాటలు అతనివి కావు. అయినను అతడు చదువు తీరును బట్టి సభకు అర్థము తెలియును.

బాల్యము, విద్య

మైరా హెస్ 1890 ఫిబ్రవరి 25వ తేదీన లండను నగరములో జన్మించెను. నలుగురు పిల్లలలో ఆమె కడగొట్టుది. ఐదవ యేట పియానో నేర్చుకొనుట ఆరంభించెను. గిల్డ్‌హాల్ సంగీత పాఠశాలలో చదివి, 1903లో విద్యార్థి వేతనము సంపాదించి రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్ అను సంగీత కళాశాలలో ప్రవేశించెను. అచ్చట టోబియాస్ మాథే అను ఉపాధ్యాయుడు ఆమెకు గురువాయెను. మెట్టును బలవంతముగా కొట్టరాదనియు, చేతి బరువును, వ్రేలి స్పర్శను అదుపులో నుంచుకొని నాదమును రాబట్టవలెననియు ఆయన బోధించెడివాడు. వాయించునప్పుడు చెవితో శ్రద్ధగా వినవలెననునది ఆయన ముఖ్య సూత్రము. ఆ గురువునందు మైరాకు గల భక్తి జీవితాంతము నిలిచెను.

1907 నవంబరులో, ఆమెకు 17 సంవత్సరముల వయస్సులో, లండనులోని క్వీన్స్ హాలునందు మొదటి పెద్ద కచేరి జరిగెను. థామస్ బీచమ్ అను యువకుడు వాద్యబృందమును నడిపించెను. బీథోవెన్ వ్రాసిన నాలుగవ పియానో కాన్‌చెర్టోను ఆమె వాయించెను. కాన్‌చెర్టో యనగా ఒక ముఖ్య వాద్యమును, పెద్ద వాద్యబృందమును కలిసి వాయించు దీర్ఘమైన రచన.

ఒక్క కచేరితో జీవితము స్థిరపడునని తలంచరాదు. ఆ తరువాత పెక్కు సంవత్సరములు ఆమె విద్యార్థులకు పాఠములు చెప్పి జీవనము గడపెను. అప్పుడప్పుడు మాత్రమే కచేరీలు దొరకెడివి. 1912లో హాలండు దేశములో షూమన్ కాన్‌చెర్టోను వాయించినప్పుడు మంచి పేరు వచ్చెను. 1922లో అమెరికాకు మొదటిసారి వెళ్లిన పిమ్మట ఆమె కీర్తి నిజముగా వ్యాపించెను. అనగా మొదటి కచేరికిని, లోకము గుర్తించుటకును మధ్య 15 సంవత్సరముల ఓపిక కలదు. పైకి కనబడని ఆ సంవత్సరములలోనే ఆమె గట్టిపడెను. 1936లో బ్రిటిషు ప్రభుత్వము ఆమెకు సి.బి.ఇ. అను బిరుదు నిచ్చెను.

బాఖ్ కీర్తన

1926లో ఆమె పేరుతో ఒక చిన్న పియానో రచన ప్రచురింపబడెను. ఆంగ్లములో దానిని ‘జీసు, జాయ్ ఆఫ్ మ్యాన్స్ డిజైరింగ్’ అందురు. మానవుల ఆశకు ఆనందమైన యేసు అని దాని భావము. దీని మూలము జర్మనీ దేశములో నున్నది. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1723లో లైప్జిగ్ పట్టణములో పరిశుద్ధ తోమా ఆలయ సంగీతాధికారిగా పనిలో ప్రవేశించెను. ఆ సంవత్సరము జూలై 2వ తేదీన, మరియ ఎలీసబెతును దర్శించిన పండుగ దినమున, గాయకులును వాద్యములును కలిసి పాడు కాంటాటా యొకటి ఆయన వినిపించెను. నేడు దానిని 147వ కాంటాటా యందురు. దాని రెండు భాగముల చివరను, మార్టిన్ యాన్ అను జర్మను కవి వ్రాసిన యేసు కీర్తనలోని చరణములు ఒకే సంగీతముతో వచ్చును. సంఘము నిదానముగా పాడునట్టి ఆ రాగము చుట్టును వాద్యములు ఎడతెగని ప్రవాహమువలె సాగుచుండును.

ఆ సంగీతమును పియానోపై పది వ్రేళ్లకు సరిపోవునట్లు మైరా హెస్ మార్చి వ్రాసెను. ప్రవాహము ఒక ప్రక్కను, కీర్తన రాగము మరియొక ప్రక్కను స్పష్టముగా వినబడునట్లు ఆమె అమర్చెను. అది గృహములలోను, పాఠశాలలలోను, వివాహములలోను వాయింపబడి లోకమంతట వ్యాపించెను. జర్మను లూథరను సంఘమునకు బాఖ్ వ్రాసిన సంగీతమును, లండను యూదురాలు సమస్త జనములకు అందించెను. మన తెలుగువారికి కూడ ఆ సంప్రదాయముతో బాంధవ్యము లేకపోలేదు. 1842లో గుంటూరునకు వచ్చిన ఫాదర్ హయ్యర్ గారు జర్మనీలో పుట్టిన లూథరను బోధకుడే గదా.

జర్మనీలో మారిన కాలము

ఇంతలో బాఖ్ దేశములో భయంకరమైన మార్పు వచ్చెను. 1933లో హిట్లరు అధికారమునకు వచ్చిన తరువాత యూదులైన సంగీత విద్వాంసులను వాద్యబృందముల నుండియు, పాఠశాలల నుండియు వెళ్లగొట్టిరి. యూదులు వ్రాసిన సంగీతమును నిషేధించిరి. బాఖ్ పనిచేసిన లైప్జిగ్ పట్టణములోనే మెండెల్సన్ విగ్రహ ముండెను. మెండెల్సన్ యూదు కుటుంబములో పుట్టి, బాల్యములో బాప్తిస్మము పొందినవాడు. జనులు మరచిపోయిన బాఖ్ మత్తయి సువార్త శ్రమల సంగీతమును 1829లో బెర్లినులో మరల వినిపించి, బాఖ్‌ను లోకమునకు తిరిగి తెచ్చినవాడు ఆయనే. 1936 నవంబరులో నాజీలు ఆయన విగ్రహమును తొలగించిరి. ఆ పట్టణపు మేయరు గెర్డెలర్ దానిని ఎదిరించి తన పదవిని విడిచెను. హిట్లరునకు విరోధముగా పనిచేసినందుకు 1945లో ఆయన మరణశిక్ష పొందెను.

నాజీల ఉద్దేశము స్పష్టము. బాఖ్, బీథోవెన్, బ్రామ్స్ మొదలగువారు తమ జాతికి మాత్రమే సొత్తనియు, యూదులకు అందులో పాలు లేదనియు వారు చాటిరి. ఈ సంగతి మనస్సులో నుంచుకొనినయెడల మైరా హెస్ చేసిన పని విలువ మనకు తెలియును.

ఖాళీ గోడల మధ్య

1939 సెప్టెంబరు 3వ తేదీన ఇంగ్లండు యుద్ధము ప్రకటించెను. బాంబుల భయముచేత నాటకశాలలు, సంగీత మందిరములు మూయబడెను. రాత్రివేళ వీధి దీపములు లేవు. ట్రఫాల్గర్ స్క్వేరునందున్న నేషనల్ గ్యాలరీ యను చిత్రశాలలోని అమూల్యమైన చిత్రములను వేల్సు ప్రాంతమునకు తరలించిరి. గోడలు ఖాళీగా నిలిచెను.

మైరా హెస్ ఆ శరత్కాలమున అమెరికాలో కచేరీలు చేయవలసి యుండెను. అచ్చట ధనమును, క్షేమమును రెండును దొరకెడివి. ఆమె ఆ ప్రయాణమును మానుకొని లండనులోనే నిలిచెను. చిత్రశాల అధికారియైన కెన్నెత్ క్లార్క్ నొద్దకు పోయి, ఖాళీ గదులలో అప్పుడప్పుడు మధ్యాహ్న కచేరి జరుపవచ్చునా యని అడిగెను. అప్పుడప్పుడు ఎందుకు, ప్రతిదినము జరుపవచ్చును గదా యని ఆయన అనెను.

1939 అక్టోబరు 10వ తేదీ మంగళవారము మధ్యాహ్నము ఒంటిగంటకు మొదటి కచేరి. ప్రజలు రాకపోయినయెడల అవమానము ఇతరులకు కలుగరాదని తలంచి మైరా హెస్ తానే వాయించుటకు కూర్చుండెను. దాదాపు వేయిమంది లోపలికి వచ్చిరి. స్థలము చాలక అనేకులు వెనుకకు మరలిరి. ఉద్యోగస్థులు, సైనికులు, నర్సులు, దుకాణములలో పనిచేయు స్త్రీలు కుర్చీలపైని, నేలపైని కూర్చుండిరి. ఆమె స్కార్లాటి, బాఖ్, బీథోవెన్, షూబెర్ట్, బ్రామ్స్ రచనలను వాయించి, చివర బాఖ్ యేసు కీర్తనను వినిపించెను. ఆ దినమున తనకును, సభలో సగము మందికిని కన్నీరు వచ్చెనని క్లార్క్ తరువాత వ్రాసెను.

శత్రువు సంగీతమా?

ఆ కార్యక్రమములోని పేర్లను మరల చూడుడు. ఇటలీవాడైన స్కార్లాటిని విడిచినయెడల, తక్కినవారందరు జర్మనులో, జర్మను భాష మాట్లాడు ఆస్ట్రియావారో అయియున్నారు. ఇంగ్లండు జర్మనీతో యుద్ధములో నున్నది. వాయించునది యూదురాలు. ఆమె జనమును జర్మనీ ప్రభుత్వము హింసించుచున్నది. అట్టి సమయమున ఆ పాటలు వాయింపనని ఆమె చెప్పియున్నయెడల ఎవరు తప్పుపట్టెడివారు?

మొదటి ప్రపంచ యుద్ధములో లండను వేరొక మార్గమును చూచెను. జర్మను పియానో వ్యాపారి బెక్‌స్టీన్ లండనులో కట్టించిన సంగీత మందిరము 1916లో ప్రభుత్వము చేత మూయింపబడి, వేలమునకు పోయి, 1917లో విగ్‌మోర్ హాలను క్రొత్త పేరుతో తెరువబడెను. ఆ కాలమున జర్మను పేరు వినిననే జనులకు కోపము వచ్చెడిది. శత్రువును ద్వేషించుట మొదలుపెట్టిన మనస్సు అతని పేరును, అతని భాషను, అతని పాటను కూడ ద్వేషించును. ఇది ఆ దేశమునకు మాత్రమే గల బలహీనత కాదు.

మైరా హెస్ ఆ మార్గమున నడువలేదు. ఆమె దినదినము వాయించిన దానిలోనే మనకు జవాబు దొరకును. బాఖ్ హిట్లరు సొత్తు కాడు. బీథోవెన్‌ను నాజీలకు వదలివేసినయెడల వారు చెప్పిన అబద్ధమును మనమే ఒప్పుకొనినట్లగును. దేవుడొక జనమునకిచ్చిన వరము ఆ జనము చేసిన పాపముతో మలినమై పోదు. శత్రువుతో పోరాడవచ్చును, అతని పితరులు లోకమునకిచ్చిన మేలును మాత్రము పారవేయరాదు. ఉపన్యాసమిచ్చి చెప్పినయెడల వినువారు తక్కువగా నుండెడివారేమో! ఆమె మెట్ల మీద వ్రేళ్లుంచి చెప్పెను.

బాంబుల క్రింద

సోమవారము మొదలు శుక్రవారము వరకు కచేరీలు సాగెను. 1940 సెప్టెంబరులో లండనుపై రాత్రింబగళ్లు బాంబులు పడనారంభించెను. చిత్రశాల పైకప్పు అద్దములది గనుక కచేరీలను నేలమాళిగలోనికి మార్చిరి. చలికాలములో అచ్చట చలి హెచ్చు. వాయించువారి వ్రేళ్లు కొయ్యబారిపోయెడివి. వినువారు నిలువుటంగీలతోనే కూర్చుండెడివారు. 1940 అక్టోబరులో ఆ భవనముపైననే బాంబులు పడి, రఫాయేలు చిత్రములుండిన గది ధ్వంసమాయెను. చిత్రములు ముందే తరలింపబడినందున నష్టము తప్పెను. మరియొక దినమున పేలక మిగిలిన బాంబొకటి భవనములో నుండగా, కచేరిని దూరపు గదికి మార్చి జరిపిరి. నలుగురు విద్వాంసులు బీథోవెన్ రచనను వాయించుచుండగా అది పేలెను. వాయించువారు తాళము తప్పలేదని ఆనాటివారు వ్రాసియున్నారు.

1941 మే నెలలో ఒక రాత్రి క్వీన్స్ హాలు బాంబులచేత కాలి బూడిదయాయెను. 17 యేండ్ల మైరా మొదట వాయించిన మందిరమది. అయినను ఆమె కచేరీలు నిలువలేదు. ఆ సంవత్సరమే రాజు ఆమెకు ‘డేమ్’ అను గౌరవ బిరుదు నిచ్చెను. 1942లో విడుదలైన ‘లిజన్ టు బ్రిటన్’ అను చిన్న చిత్రములో ఆమె మొజార్ట్ కాన్‌చెర్టోను వాయించుటయు, రాణి ఎలిజబెత్ ప్రజల మధ్య కూర్చుండి వినుటయు నేటికిని చూడవచ్చును. ఆ సంవత్సరము నుండియే దాచిన చిత్రములలో నెలకొకదానిని తెచ్చి ప్రజలకు చూపిరి. అట్లు తేబడినవాటిలో, పునరుత్థానుడైన ప్రభువు మగ్దలేనే మరియకు కనబడిన దృశ్యమును టిషియను చిత్రించిన పటము కూడ ఉండెను.

ఏర్పాటులు, లెక్కలు

ప్రవేశ రుసుము ఒక షిల్లింగు మాత్రమే. ధనికుడైనను, సిపాయియైనను అంతే. వాయించువారికి ఐదు గినీలు, అనగా 105 షిల్లింగులు, ప్రతిఫలముగా నిచ్చిరి. లోకప్రసిద్ధునికిని, మొదటిసారి వేదిక నెక్కిన యువకునికిని ఒకే మొత్తము. మైరా హెస్ దాదాపు 150 కచేరీలలో వాయించి, తనకు ఏమియు తీసికొనలేదు. మిగులు ధనము కష్టములో నున్న సంగీత విద్వాంసుల సహాయ నిధికి పోయెను. ఎవరు ఏ దినమున ఏమి వాయించవలెనను ప్రణాళికను సిద్ధపరచుటలో హోవర్డ్ ఫెర్గుసన్ అను సంగీతకర్త ఆమెకు తోడ్పడెను. స్త్రీలు కొందరు ప్రక్కన ఫలహారశాల నడిపి, తేనెయు ఎండు ద్రాక్షయు పెట్టిన రొట్టెలను అమ్మిరి. ఆహారము కొరతగా నున్న ఆ దినములలో అవి చాల ప్రసిద్ధి పొందెను.

1946 ఏప్రిల్ 10వ తేదీన చివరి కచేరి జరిగెను. ఆరున్నర సంవత్సరములలో మొత్తము 1,698 కచేరీలు. వచ్చినవారి సంఖ్య 8,24,152. సగటున కచేరికి 485 మంది. ఇవి యుద్ధము గెలిచిన సేనల లెక్కలు కావు. అయినను ఇంటికి పోవుసరికి ఇల్లుండునో లేదో తెలియని ప్రజలు, మధ్యాహ్న భోజనపు గంటలో తాము మనుష్యులమని జ్ఞాపకము చేసికొనిన లెక్కలివి.

కడపటి సంవత్సరములు

యుద్ధానంతరము ఆమె అమెరికాకు మరల వెళ్లి, 1946లో టోస్కనీని నడిపించిన వాద్యబృందముతో బీథోవెన్ కాన్‌చెర్టోను వాయించెను. అటుపిమ్మట 15 సంవత్సరములు ఇరు దేశములలోను ఆమె పేరు మొదటి వరుసలో నుండెను. రికార్డులు చేయుట ఆమెకు ఇష్టము లేకుండెను. ఎదుట జనులు లేకుండ యంత్రమునకు వాయించుట ఆమెకు రుచింపలేదు. అందుచేత అంత గొప్ప విద్వాంసురాలికి మిగిలిన రికార్డులు కొలదియే. కీళ్లవాతము వ్రేళ్లను బాధించెను. 1961 అక్టోబరులో లండను రాయల్ ఫెస్టివల్ హాలునందు మొజార్ట్ రచనను వాయించుటతో ఆమె బహిరంగ జీవితము ముగిసెను. వాయింపలేని పియానో విద్వాంసురాలి దుఃఖము, పాడలేని గాయకుని దుఃఖము వంటిది. అయినను విద్యార్థులకు బోధించుట ఆమె మానలేదు. కాలిఫోర్నియా నుండి 18వ యేట ఆమె యొద్దకు వచ్చిన స్టీఫెన్ కొవాచెవిచ్ తరువాత గొప్ప పియానో విద్వాంసుడాయెను. 1965 నవంబరు 25వ తేదీన, 75వ యేట, ఆమె లండనులో మరణించెను. 1977లో చికాగో నగరములో ఆమె పేరిట మధ్యాహ్నపు ఉచిత కచేరీలు ఆరంభమాయెను.

మన ఆలోచనకు

ప్రియ సంఘస్థులారా, మైరా హెస్ యుద్ధమును ఆపలేదు. ఆమె పియానో ఒక బాంబునైనను నివారింపలేదు. సంగీతము అన్నమునకు గాని ఔషధమునకు గాని ప్రత్యామ్నాయము కాదు. అయితే భయపడిన ప్రజలకు రెండు కీడులు సంభవించును. ఒకటి శత్రువు చేయునది. రెండవది, శత్రువును చూచి మనము కూడ అతనివలె సంకుచితులమగుట. మొదటి దానిని సైనికులు ఎదుర్కొనిరి. రెండవ దానిని ఈమె ఎదుర్కొనెను.

మనలోను తగవులున్నవి. ఒక ఊరి సంఘము మరియొక ఊరి సంఘముతో పలుకదు. ఫలానా మిషను వారి కీర్తన గనుక మనము పాడరాదనువారు నేటికిని కలరు. ఫలానా కుటుంబము వారు ఇచ్చిన హార్మోనియము గనుక ముట్టమనువారు కూడ లేకపోలేదు. మన కీర్తనల గ్రంథమును తెరచి చూడుడు. ఎందరి చేతులనుండి, ఎన్ని జాతులనుండి ఆ పాటలు మనకు వచ్చినవి! వ్రాసినవారితో లెక్కలు తీరిన తరువాతనే పాడుదుమనినయెడల మనకు మిగులు పాటలెన్ని?

ఒక జర్మను క్రైస్తవుడు సంఘము కొరకు వ్రాసిన యేసు కీర్తనను, జర్మనుల బాంబులు పడిన పట్టణములో, జర్మనుల ప్రభుత్వము హింసించిన జనమునకు చెందిన యొక స్త్రీ, దానిని వినవచ్చిన వారందరికి వాయించెను. ఎవరు పుట్టించిరని కాక, ఎవరికి మేలగునని ఆమె చూచెను. తన చేతిలో నున్న వరమును ఆమె దాచుకొనలేదు; ఒక్క షిల్లింగునకు, ఒంటిగంటకు, తలుపు తెరచి పంచిపెట్టెను.